ఉబ్బసమునకు లేజరు వెలుగు వైద్యము – నమ్మవచ్చునా?

దేవుడు మంటితో చేసిన మనిషికి ఊపిరినిచ్చిన తరువాతనే అతడు జీవము గలవాడయ్యాడని ఆదికాండము రెండవ అధ్యాయములో చదువుతాము. ఆ ఊపిరి విలువ ఆరోగ్యముగా ఉన్నవారికి అంతగా తెలియదు. రోజుకు సుమారు ఇరవై వేల సార్లు పీల్చి విడుస్తున్నా ఒక్కసారైనా లెక్కపెట్టము. రాత్రి రెండు గంటలకు మంచము మీద లేచి కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, గాలి కొరకు పెనుగులాడే ఉబ్బసపు రోగికి మాత్రము ప్రతి ఊపిరీ ఒక లెక్కే.

ఉబ్బసము, ఆయాసము, దమ్ము, ఎగపోత – ఏ పేరుతో పిలిచినా ఈ వ్యాధి ఎరుగని పల్లె మన ప్రాంతములో అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో ప్రపంచమంతటా 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసమున్నది. ఆ ఒక్క సంవత్సరములోనే 4 లక్షల 55 వేల మంది దీనివలన మరణించారు. ప్రపంచములోని ఉబ్బస రోగులలో మన దేశములో ఉన్నవారు సుమారు 13 శాతము. మరణాలలో మన వంతు మాత్రము 40 శాతమునకు పైగా ఉన్నదని పరిశోధకుల అంచనా. ఈ తేడా చూచినప్పుడు మనసు కలవరపడుతుంది. వ్యాధి మనవారికే ఎక్కువగా వచ్చినందున కాదు, సరియైన మందు సరియైన రీతిలో వాడనందువలననే ఇన్ని ప్రాణాలు పోతున్నాయి.

ఇటువంటి చోట ఏ కొత్త వైద్యము పేరు వినబడినా ఆశ పుట్టడము సహజము. సూది లేదు, మాత్ర లేదు, నొప్పి లేదు, రొమ్ము మీద ఎర్రని వెలుగు పెడితే చాలు ఉబ్బసము వేరుతో సహా పోతుందని చెప్పేవారు ఈ రోజులలో పట్టణాలలో కనబడుతున్నారు. దీనికి లేజరు వైద్యమని పేరు. దీనిలో నిజమెంత? పల్లెలోని మన కుటుంబాలు దీనికై డబ్బు ఖర్చుపెట్టవచ్చునా? ఈ సంగతులను ఈ నెల వివరముగా తెలుసుకొందము.

ఊపిరితిత్తులలో జరిగేదేమిటి?

బొప్పాయి ఆకు కాడను పిల్లలు బూరగా ఊదడము మనమందరమూ చూచినదే. మన రొమ్ములోని గాలి గొట్టాలు కూడ అటువంటి బోలు కాడలే. పెద్ద గొట్టము నుండి చిన్న కొమ్మలు, వాటి నుండి మరింత సన్నని కొమ్మలు చీలుతూ పోతాయి. ప్రతి గొట్టము లోపల మెత్తని పొర ఉంటుంది. దాని చుట్టూ కండరము పట్టీవలె చుట్టుకొని ఉంటుంది.

ఉబ్బసమున్నవారిలో ఆ లోపలి పొర వాచి, ఎర్రబడి ఉంటుంది. ఆయాసము లేని రోజున కూడ ఆ వాపు కొంత ఉండనే ఉంటుంది. చేతి మీద గాయమున్నప్పుడు కొంచెము కారము తగిలినా భగ్గుమంటుంది గదా! గాయము లేని చేతికి అదే కారము ఏమీ చేయదు. అలాగే వాచిన గాలి గొట్టమునకు కొద్దిపాటి పొగ, దుమ్ము, చల్లగాలి తగిలినా అది అతిగా స్పందిస్తుంది. చుట్టూ ఉన్న కండరము బిగుసుకొంటుంది, లోపలి పొర మరింత ఉబ్బుతుంది, జిగట కళ్ళె ఊరుతుంది. ఇరుకైన దారిగుండా గాలి పోయేటప్పుడు వచ్చే ఈల శబ్దమునే మనవారు పిల్లికూతలు అంటారు.

కాబట్టి ఇక్కడ రెండు సంగతులున్నాయి. ఒకటి వాపు, రెండవది బిగుసుకుపోవడము. బిగుసుకుపోవడము కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. వాపు మాత్రము మౌనముగా ఉంటుంది. రాబోవు సంగతులన్నీ అర్థము కావాలంటే ఈ రెంటికీ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి.

ఉబ్బసము అంటువ్యాధి కాదు. ఒకే పాత్రలో తాగినందున, ఒకే పడక మీద పడుకొన్నందున రాదు. కుటుంబములలో కొంతవరకు వారసత్వముగా రావచ్చును. ఇది ఎవరి పాపమునకు శిక్ష కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేశారని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ మాటను తోసివేసిన సంగతి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో ఉన్నది.

వెలుగు వైద్యము ఎక్కడ పుట్టినది?

వెలుగుతో వైద్యము చేయడము కొత్తదేమీ కాదు. చర్మమునకు వచ్చే ఒక రకపు క్షయను వెలుగు కిరణాలతో నయము చేసినందుకు డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్‌సెన్‌కు 1903లో నోబెల్ బహుమానము లభించినది.

1960 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ అనే శాస్త్రవేత్త మొదటి లేజరును వెలిగించాడు. కెంపు కడ్డీ నుండి వచ్చిన ఎర్రని వెలుగు అది. దీపపు వెలుగు నలుదిక్కులా చెదరిపోతుంది. లేజరు వెలుగు ఒకే రంగుతో, ఒకే దారిలో సూటిగా పోతుంది. ఎక్కువ శక్తి గల లేజరు లోహమును కూడ కోస్తుంది. కంటి శస్త్రచికిత్సకు వాడేది వేరొక రకము.

1967లో హంగరీ దేశపు బుడాపెస్టు నగరములో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు మీది వెంట్రుకలు గొరిగి, తక్కువ శక్తి గల లేజరు వెలుగును వాటి మీద ప్రసరింపజేశాడు. వెలుగు పడిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తరువాత మానని పుండ్ల మీద కూడ ఆయన దీనిని ప్రయోగించి చూశాడు. తక్కువ శక్తి లేజరు వైద్యము అనేది ఇక్కడ నుండే మొదలైనది.

ఈ వెలుగు కోయదు, కాల్చదు, వేడి కూడ తెలియదు. మన శరీరములోని ప్రతి కణములో శక్తిని తయారుచేసే చిన్న పొయ్యిల వంటి భాగాలున్నాయి. ఎరుపు వెలుగును, కంటికి కనబడని పరారుణ వెలుగును ఆ భాగాలలోని ఒక ఎంజైము గ్రహిస్తుందనీ, దానివలన కణము చురుకుగా పనిచేసి వాపు తగ్గుతుందనీ శాస్త్రవేత్తలు వివరిస్తారు. రష్యా శాస్త్రవేత్త టీనా కరు ఈ విషయముపై చాలా సంవత్సరములు పరిశోధించారు.

ఇది వట్టి మాయ అని కొట్టివేయడము న్యాయము కాదు. కేన్సరు చికిత్స పొందేవారికి నోటిలో వచ్చే బాధాకరమైన పూతను నివారించుటకు ఈ వెలుగును అంతర్జాతీయ వైద్య నిపుణుల సంఘాలు సిఫారసు చేస్తున్నాయి. పూత నోటిలోనే, పై పొరలోనే ఉంటుంది గనుక వెలుగు దానికి నేరుగా అందుతుంది.

మరి ఉబ్బసము మాట?

బ్రెజిల్ దేశములో సావో పాలో ప్రాంతపు పరిశోధకులు ఎలుకల మీద ఈ ప్రయోగము చేశారు. కోడిగ్రుడ్డు తెల్లసొనలోని ప్రోటీనుతో ఎలుకలకు ఎలర్జీ కలిగించి, వాటి గాలి గొట్టాలు వాచేటట్లు చేశారు. తరువాత లేజరు వెలుగు పెట్టి చూడగా వాపు కలిగించే కణాలు తగ్గాయి, గొట్టాలు బిగుసుకొనే గుణము కూడ తగ్గినది. పత్రికలలోనూ, కరపత్రాలలోనూ లేజరుతో ఉబ్బసము నయమవుతుందని కనబడే మాటలకు ఇటువంటి ప్రయోగాలే చాలావరకు ఆధారము.

అయితే ఎలుక రొమ్ము ఎంత? మనిషి రొమ్ము ఎంత? ఎలుకలో చర్మము నుండి ఊపిరితిత్తి వరకు ఉన్న దూరము కొన్ని మిల్లీమీటర్లే. మనిషిలో చర్మము, క్రొవ్వు, కండ, ప్రక్కటెముకలు దాటి లోపలికి పోవాలి. పోతూ పోతూ వెలుగు చెదరి, క్షీణించిపోతుంది. చేతిలైటును అరచేతికి ఆనించి వెలిగిస్తే వేళ్ళ సందులు ఎర్రగా కనబడతాయి. అదే లైటును రొమ్ముకు ఆనిస్తే వీపు వైపు ఏమీ కనబడదు. ఎలుకకు సరిపోయిన మోతాదు మనిషి గాలి గొట్టములకు చేరుతుందని చెప్పడము కష్టము.

మనుషుల మీద చేసిన పరీక్షలలో ఒకటి చెబుతాము. ఆస్ట్రియా దేశపు గ్రాజ్ నగరములో, పరుగెత్తితే ఆయాసము వచ్చే 44 మంది పిల్లలకు, యువకులకు ఒక పరీక్ష జరిపి 2002లో ఫలితము ప్రకటించారు. ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చే చోట్ల ఒకసారి నిజమైన లేజరు వెలుగు పెట్టారు. మరియొకసారి వైద్యముతో సంబంధము లేని ఉత్తుత్తి చోట్ల పెట్టారు. ఏది ఏదో పిల్లలకు తెలియదు. చల్లని పొడి గాలిని వేగముగా పీల్పించి ఊపిరి కొలువగా రెంటికీ తేడా కనబడలేదు. అక్కడ ఒక్కసారి మాత్రమే వెలుగు పెట్టిన మాట నిజమే. అయినను వెలుగు పెట్టగానే ఆయాసము పోతుందని చెప్పేవారికి ఇది తగిన జవాబు.

ఉబ్బస చికిత్సకు ప్రపంచమంతటా వైద్యులు అనుసరించే మార్గదర్శకాలను 1993లో ఏర్పడిన జీనా అనే అంతర్జాతీయ సంస్థ ప్రతి సంవత్సరము సవరించి ప్రకటిస్తున్నది. ఆ చికిత్స మెట్లలో లేజరు వైద్యము లేదు. రేపు మంచి పరీక్షలు జరిగి మేలు రుజువైతే అప్పుడు సంతోషముగా అంగీకరింతము. నేటివరకైతే ఇది ఉబ్బసమునకు రుజువైన వైద్యము కాదు.

అపాయము వెలుగులో కాదు

కంటిలో పడకుండా జాగ్రత్తపడితే ఈ తక్కువ శక్తి లేజరు వలన శరీరమునకు పెద్ద హాని లేదు. అలాగైతే పెట్టించుకొంటే పోయేదేమున్నదని ఎవరైనా అడుగవచ్చును. పోయేవి రెండు – ఒకటి డబ్బు, రెండవది వాడుతున్న మందు.

మాకు తెలిసిన ఒక విశ్వాసుల కుటుంబములో పదకొండేళ్ళ బాబుకు ఉబ్బసము. పీల్చే మందు వాడుతూ బడికి పోతూ, ఆటలాడుతూ బాగానే ఉన్నాడు. ఇరవై పూటలు వెలుగు పెడితే మందే అక్కరలేదని పట్టణములో ఎవరో చెప్పారు. తండ్రి పాడి గేదెను అమ్మి డబ్బు కట్టాడు. మందు మానివేయమన్నారు గనుక మానివేశారు. రెండు వారాలు ఏమీ కాలేదు. అది వైద్యము గొప్పతనమని ఇంటివారు స్తోత్రము కూడ చెల్లించారు. నిజానికి అంతకు ముందు వాడిన మందు బలమే ఆ రెండు వారాలు కాపాడినది. మూడవ వారములో వరి నూర్పిళ్ళు వచ్చాయి. ఒక రాత్రి పిల్లవాని పెదవులు నల్లబడగా ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయారు. దేవుని దయవలన బ్రతికాడు. గేదె మాత్రము తిరిగి రాలేదు.

ఈ మాట లేజరుకే పరిమితము కాదు. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో కొరమీను పిల్ల నోటిలో పెట్టి మ్రింగించే మందు కొరకు లక్షలాదిగా జనము పోవడము మనకు తెలిసినదే. ఆ మందులో ఏమున్నదో బయటకు చెప్పరు. ఊరూరా తిరిగి అమ్మే పొడులు మరికొన్ని ఉన్నాయి. పరీక్షించి చూచినప్పుడు అటువంటి కొన్ని పొడులలో స్టిరాయిడు మాత్రలు నూరి కలిపినట్లు బయటపడినది. అందుకే అవి మొదట అద్భుతముగా పనిచేసినట్లు కనబడతాయి.

ఏ కొత్త వైద్యము గురించి విన్నా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. ఇది మనుషుల మీద, ఉత్తుత్తి మందుతో పోల్చి పరీక్షించబడినదా?

2. దీనిలో ఏమున్నదో దాచకుండా చెబుతారా?

3. ఇప్పుడు వాడుతున్న మందు మానమంటున్నారా?

4. శాశ్వతముగా నయమని మాట ఇచ్చి డబ్బు ముందే అడుగుతున్నారా?

మూడవ ప్రశ్నకు గాని నాలుగవ ప్రశ్నకు గాని అవును అనే జవాబు వస్తే లేచి ఇంటికి రండి.

రుజువైన వైద్యము ఏది?

పూర్వము ఉబ్బస రోగికి మందు పీల్పించడము సులభము కాదు. గాజు సాధనములో మందు పోసి, రబ్బరు బుడ్డి నొక్కుతూ పీల్చేవారు. అమెరికాలో ఒక మందుల కంపెనీ అధికారి కుమార్తెకు ఉబ్బసముండేది. జుట్టుకు కొట్టుకొనే స్ప్రే డబ్బా వలె నా మందు ఎందుకు రాదని ఆ అమ్మాయి తండ్రిని అడిగినది. ఆ ప్రశ్నతో మొదలైన పని 1956లో నొక్కితే కొలతగా మందు వచ్చే ఇన్‌హేలరుగా మారినది. చిన్నవారి ప్రశ్నలను కొట్టివేయకూడదనుటకు ఇదొక మంచి దృష్టాంతము.

ఇన్‌హేలరు మందులు ముఖ్యముగా రెండు రకాలు. మొదటిది బిగుసుకొన్న కండరమును వదులు చేసేది. 1960ల చివరలో వచ్చిన సాల్బుటమాల్ ఈ రకము. కొన్ని నిమిషాలలోనే పనిచేస్తుంది. రెండవది లోపలి వాపును తగ్గించేది. 1972లో వచ్చిన బెక్లోమెథసోన్, తరువాత వచ్చిన బుడెసొనైడ్ మొదలైనవి ఈ రకము. ఇవి నెమ్మదిగా పనిచేస్తాయి. రోజూ వాడుతుండగా గాయము మానినట్లు పొర చల్లబడుతుంది.

మనవారు చేసే పెద్ద పొరపాటు ఇక్కడనే ఉన్నది. మొదటి రకము కొట్టగానే హాయి తెలుస్తుంది గనుక దానినే పట్టుకొంటారు. రెండవది కొట్టినా ఏమీ తెలియదు గనుక మానివేస్తారు. మంట మీద మూత పెట్టి నిప్పును అలాగే వదలినట్లు లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. అందుకే 2019 నుండి జీనా మార్గదర్శకాలు పన్నెండేళ్ళు దాటినవారెవరికీ సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వరాదనీ, వాపు తగ్గించే మందు దానితోపాటు తప్పక ఉండాలనీ చెబుతున్నాయి. ఇప్పుడు రెండు రకాల మందులు ఒకే ఇన్‌హేలరులో కలిపి కూడ వస్తున్నాయి. ఏది ఎవరికి తగినదో డాక్టరు నిర్ణయించాలి.

ఇన్‌హేలరు అలవాటైపోతుందని భయపడేవారున్నారు. అది మత్తుమందు కాదు. వ్యాధి ఉన్నంతకాలము మందు అవసరము, అంతే. కళ్ళజోడు పెట్టుకొన్నవారిని జోడుకు అలవాటు పడ్డారని నిందిస్తామా?

అందులో స్టిరాయిడు ఉన్నదని మరికొందరి భయము. ఒకసారి పీల్చే మందులో స్టిరాయిడు సాధారణముగా 100 లేక 200 మైక్రోగ్రాములు. ఆయాసమునకు మ్రింగే ప్రెడ్నిసొలోన్ చిన్న మాత్రలో 5 మిల్లీగ్రాములు, అనగా 5000 మైక్రోగ్రాములు. పీల్చినది నేరుగా గాలి గొట్టమునకు చేరుతుంది గనుక కొంచెమే చాలు. మ్రింగినది ఒళ్ళంతా తిరుగుతుంది. ఇన్‌హేలరుకు భయపడేవారే ఆయాసము వచ్చిన ప్రతిసారీ ఊరిలో స్టిరాయిడు సూది వేయించుకొని, సంవత్సరములపాటు మాత్రలు మ్రింగి, షుగరు, ఎముకల బలహీనత, కంటి శుక్లము తెచ్చుకొంటున్నారు. అత్యవసరములో డాక్టరు ఇచ్చే కొద్ది రోజుల మాత్రలు ప్రాణము కాపాడేవే. స్వంతముగా కొనుక్కొని మ్రింగడమే ప్రమాదము.

ఇన్‌హేలరు ఖర్చు గురించి బెంగపడేవారు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, జన ఔషధి దుకాణాలలోనూ అడిగి చూడండి. అక్కడ తక్కువ ధర మందులు దొరికే అవకాశమున్నది.

పీల్చే పద్ధతి

మందు మంచిదైనా పద్ధతి సరిగా లేకపోతే అది నాలుక మీదనే మిగిలిపోతుంది. ఇన్‌హేలరును బాగుగా కుదపాలి. నిటారుగా కూర్చొని లోపలి గాలి పూర్తిగా వదలాలి. పెదవులతో గట్టిగా పట్టుకొని, నెమ్మదిగా పీలుస్తూ ఒకసారి నొక్కాలి. పది లెక్కపెట్టేవరకు ఊపిరి బిగబట్టాలి. స్టిరాయిడు మందు పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. లేనియెడల నోటిలో తెల్లని పూత రావచ్చును.

పిల్లలకు, వృద్ధులకు నొక్కడము, పీల్చడము ఒకేసారి కుదరదు. వారికి స్పేసరు అనే గొట్టము కావాలి. అది కొనలేనివారికి ఒక శుభవార్త. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పిల్లల డాక్టర్లు అర లీటరు ప్లాస్టిక్ సీసాతో స్పేసరు తయారుచేసి, ఐదు నుండి పదమూడేళ్ళ పిల్లల మీద పరీక్షించి 1999లో ఫలితము ప్రకటించారు. దుకాణములో కొన్న స్పేసరుతో సమానముగా అది పనిచేసినది.

చేసే విధానము ఇది. అర లీటరు ఖాళీ సీసాను సబ్బునీటితో కడిగి, తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. ఇన్‌హేలరు మూతి ఆకారములో తీగను వంచి, వేడిచేసి, సీసా అడుగున రంధ్రము చేయాలి. మూతి అందులో బిగువుగా పట్టాలి. చుట్టూ గాలి పోకుండా జిగురు పూయాలి. జిగురు వాసన పూర్తిగా పోయిన తరువాత, పిల్లవాడు సీసా మూతిని నోటితో పట్టుకోగా ఒకసారి నొక్కి, నాలుగైదు సార్లు నెమ్మదిగా ఊపిరి తీసికొననివ్వాలి. తయారుచేసిన దానిని ఒకసారి డాక్టరుకో నర్సుకో చూపించండి. మరీ చిన్న పిల్లలకు ముఖమునకు తగిలించే మాస్కు గల స్పేసరే కావాలి.

ఇంటిలోను, సంఘములోను

మందుతోపాటు పొగ, దుమ్ము తగ్గించడము ముఖ్యము. కట్టెల పొయ్యి ముందు చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని వంట చేయకండి. ఇంటిలో బీడీ, చుట్ట, సిగరెట్టు వద్దు. నూర్పిళ్ళలో, మిరప కళ్ళాలలో, ప్రత్తి పనిలో ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. ఊరి చుట్టూ ఉన్న వయ్యారిభామ మొక్కలను పూత రాకముందే పీకివేయండి, చేతులకు తొడుగులు మరువకండి. దిండ్లు, దుప్పట్లు వారమునకొకసారి ఎండలో వేయండి. దోమల చుట్ట పొగకు బదులు దోమతెర వాడండి.

సంఘపెద్దలకు కూడ ఒక మాట. క్రిస్మసుకు ముందు మందిరమునకు సున్నము, రంగులు వేయించేటప్పుడు ఉబ్బసమున్నవారిని ఆ పనికి పిలువకండి. చాపలు దులిపి, నేల ఊడ్చే పని ఆరాధన గంటకు కాక ముందురోజే ముగించండి. రాత్రి కూడికలలో మంచు పడే చోట వృద్ధులను కూర్చోబెట్టకండి. ఖర్చు లేని ఈ చిన్న పనులు ప్రేమకు గురుతులు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకొక మాట. పెండ్లి చెడుతుందని అమ్మాయి ఇన్‌హేలరును దాచి, అత్తవారింటిలో రహస్యముగా ఉంచమని నేర్పుతున్నారు. పొయ్యి పొగలో ఆయాసము వచ్చిన రాత్రి ఆ దాచిన మందు చేతికి అందకపోతే ఎవరు జవాబుదారులు? సంబంధము మాట్లాడే రోజునే నిజము చెప్పండి. మంచిగా మందు వాడే ఉబ్బస రోగి కాపురము చేయగలదు, బిడ్డలను కనగలదు, పొలము పని కూడ చేయగలదు. గర్భిణిగా ఉన్నప్పుడు ఇన్‌హేలరు మానకూడదు. తల్లికి ఊపిరి అందకపోతే కడుపులోని బిడ్డకు కూడ అందదు.

ఆలస్యము చేయకూడని గురుతులు

ఒక వాక్యము కూడ పూర్తిగా మాట్లాడలేకపోవడము, ఊపిరి పీల్చేటప్పుడు ప్రక్కటెముకల మధ్య గుంటలు పడడము, పెదవులు నల్లబడడము, మగతగా ఉండడము, సాల్బుటమాల్ పీల్చినా తగ్గకపోవడము – వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే 108కి ఫోను చేయండి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయినా మనిషి తేరుకోకపోతే అది ఇంకను ప్రమాదము. రోగిని పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. గుంపు కూడి గాలి అడ్డగించకండి. స్పేసరుతో సాల్బుటమాల్ ఒక్కొక్కటిగా నాలుగుసార్లు ఇవ్వండి. వాహనము వచ్చేలోగా తగ్గకపోతే మరల ఇవ్వవచ్చును. ప్రార్థన చేయండి. వాహనము వచ్చిన తరువాత ప్రార్థన ముగిసేవరకు దానిని ఆపకండి. దారిలో కూడ దేవుడు వింటాడు.

విశ్వాసమా, వైద్యమా?

కొన్ని కూడికలలో విశ్వాసమునకు రుజువుగా మందులను పారవేయించే అలవాటు ఉన్నది. రోగుల కొరకు ప్రార్థించడము సంఘము చేయవలసిన పనియే. దేవుడు స్వస్థపరచగలడని మనము నమ్ముచున్నాము. స్వస్థత కలిగినదని అనుకొన్నవారు డాక్టరు వద్దకు పోయి ఊపిరి పరీక్ష చేయించుకొంటే సాక్ష్యము ఇంకను బలపడుతుంది గాని బలహీనపడదు. కుష్ఠరోగిని బాగుచేసిన ప్రభువు కూడ యాజకునికి కనుపరచుకొమ్మని పంపలేదా? ఉబ్బసము కొన్ని వారాలు తగ్గి మరల తిరగబడే వ్యాధి గనుక ఈ విషయములో తొందర పనికిరాదు.

హిజ్కియా రాజుకు ఆయుష్షు పొడిగిస్తానని దేవుడు చెప్పిన తరువాత కూడ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించారు. పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడు. మన గుంటూరుకు 1883లో వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కూగ్లర్, బైబిలు ఒక చేత, మందు మరొక చేత పట్టి సేవ చేసి, 1898లో స్త్రీలకు ఆసుపత్రి తెరిచారు. ప్రార్థనకు, మందుకు మధ్య ఆమె గోడ కట్టలేదు. ఆ సేవా ఫలములను అనుభవించిన మనము నేడు ఆ గోడ కట్టవచ్చునా?

ప్రియ పాఠకులారా, ఈ నెల మీ సంఘములో ఒక పని చేయండి. ఆరాధన తరువాత పది నిమిషాలు తీసికొని, ఉబ్బసమున్నవారు ఎవరో తెలుసుకోండి. వారి వద్ద ఇన్‌హేలరు ఉన్నదా, అది అయిపోయినదా, పీల్చే పద్ధతి వచ్చునా అని అడగండి. ఒంటరిగా ఉన్న విధవరాలికి ఒక నెల మందు కొనిపెట్టండి. లేజరు వెలుగు కొరకు గేదెను అమ్మబోయే సహోదరుని ప్రక్కన కూర్చొని ఈ సంగతులు చదివి వినిపించండి. ఒకరి భారములు ఒకరు మోయుటయే గదా మనకివ్వబడిన ఆజ్ఞ.

మనకు ఊపిరినిచ్చిన దేవుడు, ఊపిరి కొరకు పెనుగులాడే ప్రతి రోగికి ఈ రాత్రి నెమ్మదిగల నిద్రను అనుగ్రహించును గాక. ఆమేన్.